రోడ్డు పక్కనా, రోడ్డు మీదా

ఇరవై ఆరేళ్ళుగా ప్రత్తిపాడులో దస్తావేజులు రాస్తున్నాను. సబ్ రిజిస్ట్రార్ ఆఫీసుకు దగ్గర్లో ఒక చిన్న గది, ఒక కంప్యూటరు, రెండు బల్లలు. కంప్యూటరు వచ్చినా, ముందు చిత్తు కాగితం మీద చేత్తో రాసుకుంటే గాని నాకు పొలాల హద్దులు కుదరవు. నా దగ్గరికి వచ్చే రైతులందరికీ ఒకే మాట చెబుతుంటాను: "చదివించుకోకుండా సంతకం పెట్టొద్దు." అలాంటిదాన్ని, నాకు ప్రమాదం జరిగిన రోజున పోలీసులు రాసిన కాగితం మీద ఒక్క ముక్క కూడా చదవకుండా వేలిముద్ర వేశాను. ఆ తర్వాత రెండేళ్ళ పాటు నన్ను నిద్రపోనివ్వనిది ఆ కాగితమే.

ఆ ముందురోజు మంగళగిరిలో మా చెల్లెలి మనవరాలికి బారసాల. రాత్రి అక్కడే ఉండిపోయాను. పొద్దున పదిన్నరకి మా ఊళ్ళో ఒక రిజిస్ట్రేషన్ ఉంది. నలుగురు అన్నదమ్ముల భాగపంపకాల దస్తావేజు. నలుగురూ ఒకచోట కూర్చోవడానికే ఏడాది పట్టింది. అందులో ఒక పేజీలో తూర్పు హద్దు తప్పు పడిందని నాకు రాత్రి గుర్తొచ్చింది. అది దిద్ది, మళ్ళీ ప్రింటు తీయాలి. బస్సుల్లో మారుతూ పోతే ఆలస్యమవుతుందని ఎనిమిది గంటలకి ఫోన్లో యాప్ తెరిచి కారు బుక్ చేశాను.

పసుపు నంబరు ప్లేటున్న తెల్ల కారు వచ్చింది. డ్రైవరుకి ముప్ఫై అయిదేళ్ళు ఉండొచ్చు. గుంటూరు మనిషి. "ఓటీపీ చెప్పండి మేడమ్" అన్నాడు. అద్దానికి తస్బీ పూసల దండ ఒకటి వేలాడుతోంది. కారు లోపల శుభ్రంగా ఉంది.

మాఘమాసపు మంచు. గుంటూరు దాటాక అది ఇంకా చిక్కబడింది. రెండు పక్కలా మిరపచేలు ఉన్నాయని నాకు తెలుసు గాని ఏమీ కనబడటం లేదు. అతను లైట్లు వేసి, మెల్లగా పోనిస్తున్నాడు. నేను గడియారం చూసుకున్నాను. మళ్ళీ చూసుకున్నాను.

"బాబూ, కాస్త తొందరగా పోనిస్తావా? నాకు పదిన్నరకి పనుంది."

"మంచు బాగా ఉంది మేడమ్."

"ఈ రోడ్డు నాకు తెలుసులే. ఈ టైములో ఏమీ అడ్డం రావు."

బండి వేగం అందుకోవడం నా వీపుకు తెలిసింది. నేను ఫోన్లోకి తల వంచి, తూర్పు హద్దు సర్వే నంబరు వెతుక్కుంటున్నాను. "అల్లా" అని అతని గొంతు వినబడి తలెత్తాను. కారు ముందు గోడలాంటిదొకటి ఉంది. కుడిచెయ్యి ముందు సీటుకి ఆనించాను.

మిర్చి యార్డులో బస్తాలు దించి తిరిగొస్తూ మంచులో ఆగి ఉన్న ట్రాక్టరు అది. దాని వెనక తగిలించిన ట్రక్కుని మేం గుద్దాం. పగిలిన అద్దంలోంచి, ట్రక్కు అడుగున మిగిలిన మిరపపొడి మా మీద పడింది. నా చెయ్యి విరిగిందన్న సంగతి ముందు తెలియలేదు. కళ్ళు మండిపోయి, తుమ్ములు ఆగక, తుమ్మినప్పుడల్లా భుజంలో ఏదో కదిలి, అప్పుడు తెలిసింది. అతని గడ్డం చీలి చొక్కా అంతా నెత్తురు. అలాగే దిగి చుట్టూ తిరిగొచ్చి నా వైపు తలుపు లాగాడు. "అమ్మా, కదలొద్దమ్మా, కదలొద్దు" అన్నాడు. అంతవరకూ మేడమ్ అన్నవాడు.

పాలు తీసుకుపోయే ఒకాయన, మరెవరో ఇద్దరు కలిసి నన్ను దించి రోడ్డు మీదే దుప్పటి వేసి పడుకోబెట్టారు. వాళ్ళూ తుమ్ముతున్నారు. నేను ఎడమపక్కకి ఒత్తిగిలి పడుకున్నాను. నా కళ్ళకి ఎదురుగా, మూడు నాలుగు బారల దూరంలో ఆ ట్రక్కు చక్రాలు ఉన్నాయి. ఆంబులెన్సు వచ్చేదాకా వాటినే చూస్తూ ఉన్నాను. కుడివైపు చక్రాలు రెండూ తారు మీద, అంచున వేసిన తెల్లగీతకి ఇవతల. ట్రక్కు వెనక లైటు గాని, మెరిసే ఎర్ర బిళ్ళ గాని లేదు. ట్రాక్టరు తోలేవాడు టీకి వెళ్ళాడని ఎవరో అంటున్నారు. నన్ను ఆంబులెన్సులోకి ఎక్కిస్తుండగానే ట్రాక్టరు స్టార్టయిన చప్పుడు వినబడింది.

గుంటూరులో ఒక ఆసుపత్రిలో చేర్చారు. మణికట్టు రెండుచోట్ల విరిగింది, మెడ కింద కాలరు ఎముక చిట్లింది. మధ్యాహ్నం ఒక కానిస్టేబులు వచ్చి మంచం పక్కన స్టూలు లాక్కుని కూర్చున్నాడు.

"డ్రైవరు స్పీడుగా పోనిచ్చాడా అమ్మా?"

"కొంచెం..."

"ఆగి ఉన్న ట్రాక్టరుని వెనక నుంచి కొట్టాడు, అంతేనా?"

"అవునండీ, కానీ..."

"అదేనమ్మా, అంతే. రెస్టు తీసుకోండి."

నేను చెప్పింది నాలుగు మాటలు. ఆయన రాసింది ఒకటిన్నర పేజీ. కుడిచెయ్యి కట్టులో ఉంది కాబట్టి ఎడమ బొటనవేలికి సిరా పూసి ఒత్తించుకున్నాడు. నిజం చెప్పాలంటే ఆ నిమిషంలో నాకు చదవాలనిపించలేదు. తొందరపెట్టింది నేనే అన్న మాట నా నోటి చివరిదాకా వచ్చి ఉంది. ఆయన ఇంకొక్క ప్రశ్న అడిగితే అది బయటపడుతుందన్న భయంతో, ఆయన త్వరగా వెళ్ళిపోతే చాలనుకున్నాను.

వారం తర్వాత మా ఆయన స్టేషనుకి వెళ్ళి ఎఫ్ఐఆర్ కాపీ తెచ్చాడు. ఆయన మిరప పండించే రైతు. కాగితాలంటే నాకే వదిలేస్తాడు. మంచం మీదే ఎడమచేత్తో పట్టుకుని చదివాను. "డ్రైవరు అతివేగంగా, అజాగ్రత్తగా నడిపి, రోడ్డు పక్కన ఆగి ఉన్న గుర్తు తెలియని ట్రాక్టరు ట్రక్కును వెనక నుండి ఢీకొట్టినాడు." రోడ్డు పక్కన. ఆ మాట దగ్గర ఆగిపోయాను. ఒక పొలం గట్టుకి ఇవతలా, అవతలా అనే మాట తేడాకి రెండు కుటుంబాలు పదేళ్ళు కోర్టుకి తిరగడం చూసినదాన్ని నేను. పక్కన అంటే తప్పంతా అతనిది. మీద అంటే ఇంకో మనిషికీ అందులో పాలుంది.

"చెయ్యి బాగయ్యేది చూడు ముందు" అన్నాడు మా ఆయన.

రెండు నెలలు అలాగే గడిచాయి. కట్టు విప్పారు గాని మణికట్టు తిరగడం లేదు. పెన్ను పట్టుకుంటే బొటనవేలు వణికేది. నా గదిలో ఇంకొకరు కూర్చుని రాయసాగారు. ఇంటి ముందు మోటారు సైకిలు ఆగితే చాలు, డ్రైవరు వచ్చాడేమో, నన్ను నిలదీస్తాడేమో అని కిటికీలోంచి తొంగి చూసేదాన్ని.

ఒకరోజు నిజంగానే వచ్చాడు. మోటారు సైకిలు మీద కాదు, బస్సు దిగి నడిచి వచ్చాడు. గడ్డం మీద కుట్ల మచ్చ. వసారాలో కుర్చీ వేస్తే అంచున కూర్చున్నాడు.

"చెయ్యి ఎట్లా ఉందమ్మా?"

"ఇంకా తిరగడం లేదు. నీకెట్లా ఉంది?"

"నాకేం లేదమ్మా. యాప్ వాళ్ళు ఐడీ ఆపేశారు. కేసు తేలేదాకా ఇవ్వలేమన్నారు. ఫోన్ చేస్తే మెషీనే మాట్లాడుతుంది, మనిషి దొరకడు." జేబులోంచి ఫోన్ తీశాడు. "ఆ పాలాయన్ని వెతికి పట్టుకున్నా. మీకు దుప్పటి వేశాడే, ఆయన. ఆ రోజు ఫొటో తీశాడంట."

మంచులో తీసిన ఫొటో. అయినా స్పష్టంగానే ఉంది. నేను దుప్పటి మీద పడుకుని ఉన్నాను. ట్రక్కు కుడి చక్రాలు తెల్లగీతకి ఇవతల. ట్రాక్టరు నంబరు కూడా కనబడుతోంది.

"మీరు చూసింది చూసినట్టు చెప్పండమ్మా. నాకదే చాలు."

ఇప్పుడు అడుగుతాడు, ఇప్పుడు అడుగుతాడని అతని మొహం చూస్తూ కూర్చున్నాను. తొందరగా పోనివ్వమన్నది మీరే కదా అంటాడని. మంచినీళ్ళు తాగాడు, మా ఆయనకి దణ్ణం పెట్టాడు, వెళ్ళిపోయాడు. ఆ మాట ఎత్తనే లేదు. పోలీసులకి కూడా చెప్పలేదని తర్వాత తెలిసింది. అతను నన్ను తిట్టి ఉంటే నాకు కొంచెం తేలికయ్యేది.

లాయరు దగ్గరికి వెళ్ళడానికి ఇంకో రెండు నెలలు పట్టింది. గుంటూరులో ప్రమాదాల కేసులు చూసే ఒకావిడ పేరు మా చెల్లెలు చెప్పింది. ఆవిడ నా కాగితాలు చూసి మొదట అన్న మాట: "నాలుగు నెలలు దాటిందే! నష్టపరిహారం కోసం ఆరు నెలల లోపల ట్రిబ్యునల్లో వెయ్యాలండీ. ఇన్నాళ్ళు ఏం చేస్తున్నారు?"

నాలాంటివాళ్ళకే తెలియకపోతే ఇంకెవరికి తెలుస్తుందని సిగ్గేసింది.

ఆవిడ ఓపిగ్గా విడమరిచి చెప్పింది. ఎవరి తప్పన్నది తేల్చకుండా చట్టంలో నిర్ణయించిన మొత్తం తీసుకుని ఊరుకోవడం ఒక దారి. అందులో గొడవ తక్కువ, వచ్చేదీ తక్కువే. తప్పు ఎవరిదో రుజువు చేసి, ఆసుపత్రి ఖర్చు, పోయిన పని, చేతికి మిగిలిపోయిన లోపం అన్నీ అడగడం రెండో దారి. రెండూ కావాలంటే కుదరదు.

"కారు పసుపు ప్లేటు, ఇన్సూరెన్సు నడుస్తోంది. అది మీ అదృష్టం. సొంతానికి రాయించుకున్న కారుని కిరాయికి తిప్పి ఉంటే, వాళ్ళు ముందు మాకు సంబంధం లేదనేవాళ్ళు. ఫోన్లో ఆ రోజు ప్రయాణం వివరాలు ఇంకా ఉన్నాయా?"

తెరిచి చూస్తే ఉన్నాయి. బయల్దేరిన చోటు, టైము, కారు నంబరు. కింద, 'మీ ప్రయాణం ఎలా జరిగింది' అని అడుగుతూ అయిదు ఖాళీ నక్షత్రాలు.

"వాటిని నొక్కొద్దు" అంది ఆవిడ. "ఫొటో తీసి పెట్టండి. మీరు డబ్బిచ్చి ఎక్కిన ప్రయాణికురాలని దీంతో తెలుస్తుంది. యాప్ కంపెనీని కూడా చేరుద్దాం. మాకేం సంబంధం లేదనే అంటారు. అన్నా సరే, చేర్చకుండా వదలకూడదు."

పిటిషను వేశాం. ఫొటోలోని నంబరు పట్టుకుని ట్రాక్టరు యజమానిని కూడా చేర్చాం. మా పక్క ఊరి రైతే. అతని పేరు కాగితం మీద చూసినప్పటి నుంచి మా ఆయనకి కంగారు. "రేపు మన పొలానికి ట్రాక్టరు ఎవరు పంపుతారే?" అన్నాడు. నిజంగానే ఆ ఏడు దుక్కికి చిలకలూరిపేట వైపు నుంచి బండి పిలిపించుకోవాల్సి వచ్చింది.

నా సాక్ష్యం తాలూకు ప్రమాణపత్రం లాయరు గారు తయారుచేసి పంపారు. ఈసారి చదివాను. మూడోసారి చదివాక ఫోన్ చేశాను.

"ఇందులో కూడా రోడ్డు పక్కన అనే ఉందండీ."

"ఎఫ్ఐఆర్లో ఉన్నట్టే పెట్టాను. మీరు మారిస్తే, అప్పుడలా ఇప్పుడిలా అని వాళ్ళ లాయరు పట్టుకుంటాడు. ఇంకోటి. తప్పంతా ట్రాక్టరుదే అని తేలిందనుకోండి, దాని ఇన్సూరెన్సు వ్యవసాయానికే, బాడుగ తోలకానికి వర్తించదంటున్నారు. మీకు రావాల్సింది చిక్కులో పడుతుంది. ఆలోచించుకోండి."

"తప్పంతా దానిదని నేననడం లేదండీ. చక్రాలు ఎక్కడున్నాయో అదే రాయమంటున్నాను." ఆ వెంటే, ఎవరికీ చెప్పనిది చెప్పేశాను. "ఇంకో సంగతి కూడా ఉంది. మంచుగా ఉందని అతనన్నా, తొందరగా పోనివ్వమంది నేనే."

"అది మీరుగా చెప్పక్కర్లేదు. అడిగితే మాత్రం అబద్ధం చెప్పకండి. ప్రయాణికురాలి తప్పు కూడా ఉందని పరిహారంలో కొంత కొయ్యమంటారు. నేను చూసుకుంటాను."

ఆ రాత్రి మా ఆయనకి చెప్పాను. ఆయన కాసేపు నా కట్టు గుర్తుల వైపు చూశాడు. "ఎవరికి తెలుసు?" అన్నాడు. "అతనికి తెలుసు" అన్నాను.

నన్ను బోనెక్కించిన రోజు గుంటూరు కోర్టులో కరెంటు పోయి ఫ్యాన్లు ఆగిపోయాయి. ఇన్సూరెన్సు కంపెనీ లాయరు పెద్దాయన. గొంతు మెత్తగా ఉంది. అరిచేవాడైతే నాకింత భయం వేసేది కాదు.

"ఏం చేస్తారమ్మా మీరు?"

"దస్తావేజులు రాస్తానండీ."

"ఎఫ్ఐఆర్లో రోడ్డు పక్కన అని ఉంది. ఇప్పుడు రోడ్డు మీద అంటున్నారు. ఆ వేలిముద్ర మీదే కదా?"

"నాదేనండీ. చదవకుండా వేశాను."

వెనక ఎవరో కిసుక్కున నవ్వారు. ఆయన నవ్వలేదు.

"ఆ రోజు పదిన్నరకి మీకు రిజిస్ట్రేషన్ ఉందని మా విచారణలో తేలింది. అవునా?"

"అవునండీ."

"మరి డ్రైవరుని తొందరపెట్టారా?"

మా లాయరు గారి వైపు చూడలేదు. చూస్తే మాట మారుతుందేమో అనిపించింది. వెనక బెంచీ మీద డ్రైవరు కూర్చుని ఉన్నాడని మాత్రం తెలుసు. నా కుడిచెయ్యి బోను చెక్కని పట్టుకోలేక జారుతోంది.

"తొందరపెట్టానండీ. మంచుగా ఉందన్నాడు. రోడ్డు నాకు తెలుసు, ఏమీ అడ్డం రావన్నాను. అప్పుడు వేగం పెంచాడు. ట్రక్కు వెనక ఏ లైటూ లేదు. కుడి చక్రాలు తెల్లగీతకి ఇవతల, తారు మీద ఉన్నాయి. నన్ను వాటి ఎదురుగానే పడుకోబెట్టారు."

జడ్జి గారు టైపు చేసేవాళ్ళకి నా మాటలు వాక్యం వాక్యంగా చెప్పారు. నేను వింటూనే ఉన్నాను. అయిపోయాక కాగితం ఇచ్చారు. అందరూ ఎదురుచూస్తున్నా పూర్తిగా చదివి, వంకరటింకర అక్షరాలతో కుడిచేత్తోనే సంతకం పెట్టాను.

బయట వరండాలో అతను నిలబడి ఉన్నాడు.

"నా వల్లే నీ బతుకు ఇట్లా అయింది నాయనా" అన్నాను.

"మీరు అడిగారమ్మా, నిజమే. తొక్కింది నేనే కదా. వద్దనుకుంటే కాలు తీసేవాణ్ణి." గోడ వైపు చూస్తూ అన్నాడు. "నాకూ ఆ రోజు ఇంకో రెండు ట్రిప్పులు పడాలని ఉంది."

"మరి పోలీసులకి ఎందుకు చెప్పలేదు, నేను తొందరపెట్టానని?"

"చెబితే ఏమవుతుందమ్మా? చెయ్యి విరిగి పడుకున్న మనిషి మీద చెప్పాలా?"

ఇద్దరం మెట్లు దిగాం.

అతని మీద పెట్టిన క్రిమినలు కేసులో కూడా సాక్ష్యం చెప్పాను. పాలాయన కూడా వచ్చాడు. ఆ కేసు కొట్టేశారు. కానీ యాప్ వాళ్ళు ఐడీ తిరిగి ఇవ్వలేదు. ఇప్పుడతను చిలకలూరిపేటలో ఒక నూలు మిల్లుకి పనివాళ్ళని తెచ్చే వ్యాను నడుపుతున్నాడు.

ట్రిబ్యునల్ తీర్పు రావడానికి ఇంకో ఏడాది పట్టింది. కారుదీ తప్పే, ట్రాక్టరుదీ తప్పే అన్నారు. ఎవరి వాటా ఎంతో వాళ్ళు తర్వాత తేల్చుకోవచ్చు, ముందు కారు ఇన్సూరెన్సు వాళ్ళు నాకు ఇవ్వాలని రాశారు. నేను తొందరపెట్టినందుకు కొంత కోశారు. లాయరు గారు ఆ కోత మీద పైకి వెళ్దామన్నారు. వద్దన్నాను. యాప్ కంపెనీ తరఫున వచ్చినాయన, మేం ప్రయాణికుల్నీ డ్రైవర్లనీ కలిపేవాళ్ళం మాత్రమే అని వాదించి కేసులోంచి తప్పుకున్నాడు. ఒక్కసారి కూడా నా చేతి వైపు చూడలేదు.

అయిపోయిందనుకున్నాం. పోయిన నెల హైకోర్టు నుంచి నోటీసు వచ్చింది. ఇన్సూరెన్సు వాళ్ళు అప్పీలుకి వెళ్ళారు. మళ్ళీ నన్ను పిలుస్తారా అని లాయరు గారిని అడిగాను. పిలవరట. కాగితాలు చూసే తేలుస్తారట. ఎన్నాళ్ళంటే చెప్పలేనన్నారు.

ఆ సాయంత్రం మా ఆయన వంటింట్లో అన్నం వారుస్తున్నాడు. బరువైన గిన్నె నా చేతికి ఆగదు గనక ఆ పని ఆయన నేర్చుకున్నాడు. గంజి కాళ్ళ మీద పడకుండా ఒళ్ళు దగ్గర పెట్టుకుని వంచుతూ, తల తిప్పకుండానే అడిగాడు.

"నోటీసులో ఏముందే?"

"ఇంకా ఉందని ఉంది" అన్నాను.